పురుగుల షెడ్డు గడపలో తెల్ల మాత్ర

జూన్ 9

ఉష్ణోగ్రత 27. తేమ 70. అలవాటుగా రాశాను గానీ, ఎవరికోసం? షెడ్డులో ఒక్క పురుగు లేదు.

ఈ డైరీ చాకీ సెంటరు ఆదెప్ప ఇచ్చింది. గుడ్లు పొదిగించి, పిల్ల పట్టుపురుగులను రెండు జ్వరాలు దాటించి రైతుల షెడ్లకు పంపేది అతనే. పురుగు పొర విడవడాన్ని మావైపు జ్వరం అంటారు. ఒక రోజంతా మేత ముట్టకుండా, తల పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. కుప్పం నుంచి పుంగనూరు పక్కన ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ మాట విని పకపకా నవ్వాను. ఇప్పుడు నేనూ అదే అంటున్నాను. నాలుగు జ్వరాలు లేచిన పురుగే గూడు కడుతుంది. మావి నాలుగోదానికి కూర్చోకముందే తలలు ఊపుతూ, పచ్చగా కక్కి చచ్చాయి. నిన్న గంపలకెత్తి గుంతలో పోసి సున్నం చల్లాం.

అత్త గుంత గట్టున నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇరవై ఆరేండ్లుగా పురుగు మేపతాండా. ఇట్ల ఎప్పుడూ కాలే. ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చింది ఒకటే. నీ మాత్ర."

"మాత్రకూ పురుక్కూ ఏం సంబంధం అత్తా?"

"సెమటలో రాదా? ఆ సేత్తోనే గదా ఆకు ఏస్తావు. అది తినకుండా ఏం సేస్తాది పాపం."

మా అత్త ఆదిలక్ష్మమ్మ షెడ్డు అంటే ఆషామాషీ కాదు. గడప దగ్గర బ్లీచింగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాలి. సబ్బుతో మోచేతులదాకా కడగాలి. పౌడరు కుదరదు, మల్లెపూలు కుదరవు, దోమల చుట్ట కుదరదు. వక్కాకు నమిలొచ్చిన ఆడపడుచునే బయటికి తోలేసింది. అలాంటి షెడ్డులోకి నేను రోజూ ఒంట్లో మందు నింపుకుని వెళుతున్నాను.

బీయస్సీ కెమిస్ట్రీ చదివాను.  అయినా నాకూ అదే అనుమానం.

జూన్ 10

తెల్ల మాత్ర వేసుకోలేదు.

జూన్ 11

వేసుకోలేదు. మా ఆయన గణేష్ అడిగాడు. "ఏసుకున్నా మామా" అన్నాను.

ఆ మాత్ర సంగతి ఒకసారి రాసి పెట్టుకోవాలి. పెసరగింజకంటే కొంచెం పెద్దది, అంతే. ఏప్రిల్ మొదట్లో మదనపల్లె మనసు డాక్టరమ్మ దిగులుకు రాసిచ్చింది. పొద్దున ఒక తెల్లది. రాత్రి నిద్రకు పచ్చది, అందులో సగం, అది పదిహేను రోజులే అని రెండుసార్లు చెప్పింది. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పడం తప్ప ఏమీ లేదు. దండగ అనుకున్నాను. నాలుగో వారం ఒక మధ్యాహ్నం సంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. కారం తగిలింది! వేయించిన శనక్కాయ, చింతపండు, వెల్లుల్లి, ఒక్కొక్కటీ విడివిడిగా తెలిసింది. ఫిబ్రవరి నుంచి నాకు అన్నం మట్టి. ఆరోజు కంచం ముందు కూర్చుని ఏడ్చేశాను. గణేష్ హడలిపోయి నీళ్లు తెచ్చాడు. కారం ఎక్కువైందనుకున్నాడు పిచ్చోడు.

ఇంత గింజ. ఎక్కడికి వెళ్లిందో, ఏ తలుపు తట్టిందో, నన్ను ఎట్లా వెతికి పట్టుకుందో! ఆ రోజు నుంచి ఆ మాత్రను కళ్లకద్దుకుని మింగుతున్నాను, ప్రసాదంలాగా.

అందుకే అత్త మాటకు భయం వేసింది. మనిషి మనసునే వెనక్కి లాక్కొచ్చినది, వేలెడంత లేని పురుగును ఏం చేయదు?

జూన్ 13

తల పక్కకు తిప్పితే లోపల సన్నగా కరెంటు కొట్టినట్టు ఉంది. పొద్దున నాలుగుసార్లు. మెట్టు దిగుతుంటే నేల ఒకవైపుకు ఒరిగింది.

ఎండ దెబ్బ అయ్యుంటుంది.

జూన్ 14

మళ్లీ కరెంటు. డబ్బా మూత సరిగా పెట్టలేదని గణేష్ మీద విరుచుకుపడ్డాను. మూత పెట్టనిది నేనే.

జూన్ 16

కుప్పం నుంచి అమ్మ ఫోన్. ఆపేశానని అత్తకు ముందే చెప్పాను, ఇప్పుడు అమ్మకూ చెప్పాను, గణేష్‌కు మాత్రం లేదు.

"మంచి పని సేసినావు తల్లీ. ఆ మాత్రలు ఒకసారి మొదలుపెడితే సచ్చేదాకా ఇడవవంట. మన ఈదిలో అందరూ అదే అంటాండారు."

అత్త సంతోషం, అమ్మ సంతోషం. ఇంతమందిని ఒక్క దెబ్బకు సంతోషపెట్టడం నాకు ఇదే మొదటిసారి.

జూన్ 17

నిద్ర లేదు. పచ్చది సగం వేసుకున్నాను. అది రాత్రి వేసుకునేది, తెల్లారేలోపు ఒంట్లోంచి పోతుంది, పురుగుకు ఏమీ కాదు. ఈ ఒక్కరోజే.

జూన్ 18

సగం. ఈ ఒక్కరోజే.

జూన్ 21

కరెంటు తగ్గింది. మందు ఒంట్లోంచి పోయిందన్నమాట. గెలిచాను.

జూన్ 23

పుంగనూరు వెళ్లాను, షెడ్డుకు సున్నం, బ్లీచింగు తేవడానికి. బస్టాండు వైపు ఒక మందుల షాపులో పచ్చమాత్రల ఖాళీ అట్ట చూపించాను. చీటీ అడగలేదు, పేరు అడగలేదు. రెండు అట్టలు కవర్లో వేసి ఇచ్చాడు. దగ్గుమందుకే నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. దీనికి ఒక్కటీ లేదు.

జూన్ 28

ఆదెప్ప బండిలో కొత్త పురుగులు వచ్చాయి. ట్రే మీది కాగితం తీసి వంగి చూశాను. మొన్నటిదాకా ఆవగింజలో సగం లేని గుడ్లు. ఇప్పుడు లేత ఆకు కనబడితే చాలు, అన్ని తలలూ ఒకేసారి లేస్తాయి. కళ్లు సరిగా కనబడవట వాటికి. ఆకు వచ్చిందని ఎవరు చెబుతారో!

ఈసారి నా చేతిలో ఏ మందూ లేదు. ఈసారి పండాలి.

జూలై 2

26. తేమ 78. మూడో జ్వరానికి కూర్చున్నాయి. పచ్చది ఒకటి.

సగం కాదు, ఒకటి. పని ఎక్కువైంది కదా.

జూలై 4

తల దువ్వుకోలేదు. పని ఎక్కువ.

జూలై 5

సంగటిలో రుచి లేదు. కొత్త రాగులు అట్లాగే ఉంటాయి.

జూలై 6

నాలుగో జ్వరం. ఆకు మోపు నెత్తిన పెట్టుకుని నీటికుంట గట్టు మీదుగా వచ్చాను. దగ్గర దారి అని.

దగ్గర దారి కాదు. నాకు తెలుసు. గణేష్‌కు చెప్పకూడదు. ఎవరికీ చెప్పకూడదు.

జూలై 10

మూడు రోజులు రాయలేదు. ఈరోజు అంతా రాస్తాను, తప్పించుకోకుండా.

ఏడో తేదీ పొద్దున పురుగులు నాలుగో జ్వరం లేచాయి. నాలుగో జ్వరం లేచిన పురుగుకు మొదటి ఆకు అత్తే వేస్తుంది. ఇరవై ఆరేళ్లలో ఇంకెవ్వరూ వేయలేదు. కన్నకొడుకును కూడా వేయనివ్వదు. తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, మాట్లాడకుండా ఒక్కతే వరస చివరిదాకా వేసుకుంటూ వెళుతుంది. మేం వెనక నిలబడి చూడాలి.

ఎనిమిదో తేదీకి తూర్పువైపు తట్టల్లో పురుగులు తలలు అటూ ఇటూ ఊపుతూ, నోటెంట పచ్చగా కక్కడం మొదలుపెట్టాయి. అచ్చం కిందటిసారి లాగానే. అత్త నా ముఖంలోకి చూసింది.

"ఏసుకుంటాండావా మళ్లా?"

"లేదత్తా! నెల అయింది తెల్లది ముట్టి. నీ మీద ఒట్టు!"

నెల నుంచి వేసుకోలేదు. అయినా చచ్చిపోతున్నాయి. అయితే చంపింది మాత్ర కాదా? మరి నేను దేనికి ఆపాను? ఆ ఆలోచన పూర్తికాకముందే నేల ఒరిగింది. ఆకు గంపతో సహా పడ్డాను. గణేష్ ఎత్తుకుని బయటికి తెచ్చాడు. నా సంచీలో నీళ్లసీసా కోసం వెతికితే పచ్చమాత్రల అట్టలు దొరికాయి. ఒకటి ఖాళీ, రెండోది సగం ఖాళీ. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మదనపల్లెకు అత్త కూడా బయలుదేరింది. జబ్బు పురుగులు షెడ్డులో ఉండగా అత్త ఊరు దాటడం ఎవరూ చూడలేదు. మిగిలిన పురుగులకు ఆకు వేయమని ఆదెప్పను ఫోనులో బతిమాలింది.

డాక్టరమ్మ అట్టలు బల్ల మీద పెట్టి నన్ను చూసింది. "రేవతీ, తలలో కరెంటు కొట్టినట్టు అయిందా?"

నేను ఎవరికీ చెప్పని మాట! డైరీలో తప్ప ఎక్కడా లేని మాట. ఆమెకు ఎట్లా తెలిసింది?

"ఒక్కసారిగా ఆపితే కొంతమందికి అట్ల అవుతాదమ్మా. అది మందు ఒంట్లోంచి పోయిన గుర్తు కాదు, మెదడు దాన్ని వెతుక్కుంటున్న గుర్తు. ఆపే రోజు వస్తాది. అప్పుడు నేనే చెబుతా, కొంచెం కొంచెంగా దించుకుందాం. తెల్లది అలవాటై పీక్కుతినే మందు కాదు. అలవాటయ్యేది ఈ పచ్చది. దాన్ని ఆపి దీన్ని పెట్టుకున్నావు. కళ్లు తిరిగి పడ్డావు." పచ్చదాన్ని కూడా ఒక్కరోజులో మానేయకూడదట, అదీ ప్రమాదమేనట. ఎన్ని రోజులు సగం, ఎన్ని రోజులు పావు అని గణేష్‌కు కాగితం రాసిచ్చింది.

"అసలు ఈ మాత్రలు మంచివేనా మేడం?" అన్నాడు గణేష్.

"ఇబ్బంది లేని మందు ఏదీ లేదు గణేష్. తెల్లదానికీ ఉన్నాయి, కడుపులో తిప్పడం, తలనొప్పి. మొదట్లో కొంతమందికి గాబరా ఎక్కువవుతుంది, అందుకే మొదటి వారాలు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. చూసుకుంటూ వాడితే చాలామందికి మేలే. సొంతంగా పెంచుకోవడం, సొంతంగా ఆపడం, షాపులో అట్ట చూపించి కొనడం, భయపడాల్సింది వాటికి."

తర్వాత నా వైపు వంగి, మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగింది. "చచ్చిపోవాలనిపించిందా?"

 నాకంటే ముందు పక్కనుంచి అత్త గొంతు వచ్చింది.

"పిబ్రవరిలో నీటికుంట గట్టున కూసోని ఉండె మేడం. పొద్దున్నించీ. ఆ కుంటకు అడుగంతా ప్లాస్టిక్ కవరు, జారితే పైకి రాలేరు. నేను పోయి సెయ్యి పట్టుకుని లాక్కొచ్చినా. ఎవురికీ సెప్పలే. ఇంటి కోడలు, పేరు పోతాదని. మొన్న మళ్లా అదే గట్టు మీద నడిసొస్తా ఉంటే సూసినా. ఆ రాత్రంతా నాకు కన్ను మూత పడలే."

చూసిందా! చూసి కూడా ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో నా మణికట్టు మీద అత్త వేళ్ల గుర్తులు రెండు రోజులు ఉన్నాయి. ఆ సంగతి మా ఇద్దరి మధ్యా ఇంతవరకు మాటగా రాలేదు. గణేష్ తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"మొన్న కూడా అనిపించింది" అన్నాను. అనేసరికి గుండెలో బరువు కొంచెం జరిగింది.

డాక్టరమ్మ కంగారుపడలేదు. నెలపాటు నన్ను ఒంటరిగా వదలొద్దంది, మాత్రలు అత్త దగ్గర ఉంచమంది, వారానికోసారి రమ్మంది, ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏ వేళైనా ఫోన్ చేయమని నంబరు రాసిచ్చింది.

వచ్చేముందు అత్త అసలు ప్రశ్న అడిగింది. "ఒక్క మాట మేడం. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ మాత్ర సెమటలో వస్తాదా? పురుగు సస్తాదా?"

ఆమె నవ్వలేదు. "వచ్చినా లెక్కలోకి రానంతమ్మా. పైగా మీరు చేతులు కడుక్కునే లోపలికి పోతారంట. పురుగు సంగతి మీకు తెలిసినంత నాకు తెలీదు. కానీ ఈమె నెలరోజులు మాత్ర మానేసినా పురుగు చచ్చింది గదా? మరి దేనివల్ల?"

అత్త ఆ నెలరోజులూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"అయితే ఆ గింజ లోపలికి పోయి ఏం సేస్తాది మేడం, మనిషి మారేదానికి?"

"కొంత తెలుసు. పూర్తిగా మాకూ తెలీదమ్మా. పని చేస్తాదని తెలుసు, ఎవరికి ఎంతో చూసుకుంటా పోతాం."

అత్త తల పంకించింది. "పురుగు దారం యాడ దాసిపెట్టుకుంటాదో నాకూ తెల్దు. మేపతానే ఉండాను గదా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి అత్తను అట్లాగే చూస్తుండిపోయింది. నేనూ చూశాను.

జూలై 11

ఆదెప్ప వచ్చాడు. కక్కిన పురుగును అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం చూశాడు.

"ఇది మందు కొట్టిన ఆకు తిన్న పురుగు. తూర్పు తట్టలకు ఏ సాళ్ల ఆకు ఏసినారక్కా?"

మా మల్బరీ తోటలో తూర్పు సాళ్లు. పక్కనే మునిస్వామి టమాటా తోట. మదనపల్లె మార్కెట్లో ధర ఉందని వారానికి రెండుసార్లు మందు కొడుతున్నాడు. గాలి మావైపు.

అత్త తోటలోకి వెళ్లి ఆకు కోసి వాసన చూసింది. వచ్చి నా మంచం పక్కన కింద కూర్చుంది.

"తల ఊపుతా పచ్చగా కక్కితే మందాకు అని సిన్నపిల్లను అడిగినా సెప్తాది. నాకు తెలీక కాదమ్మే. నా కండ్లకు నువ్వే కనబడినావు. దారిన పోయే తెగులును వదిలిపెట్టి ఇంట్లో మనిషిని పట్టుకున్నా."

 చేయి చాపితే పట్టుకుంది. ఈసారి గుర్తులు పడేట్టు కాదు.

జూలై 12

తెల్ల మాత్ర మూడో రోజు. కడుపులో తిప్పుతోంది. అత్త తెచ్చి ఇస్తుంది, మింగేదాకా కదలదు.

జూలై 19

పడమటి తట్టలు బతికాయి. గూడు కడుతున్నాయి. నాకు ఏమీ అనిపించడం లేదు. రాస్తున్నాను, అంతే.

జూలై 25

బతికిన పురుగుల గూళ్లు కుప్పం మార్కెట్‌కు తీసుకెళ్లాం. అమ్మ చూడ్డానికి వచ్చింది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "మళ్లా ఏసుకుంటాండావంటనే? యాల తల్లీ?"

"నేనే ఇస్తాండా" అంది అత్త, గూళ్ల బస్తా పక్కన కూర్చునే. "నా సేత్తో. నీకేమన్నా అడగాలంటే నన్నడుగు."

అమ్మ నన్ను వదిలి అత్త పక్కన కూర్చుంది. ముగ్గురం టీ తాగాం.

ఆగస్టు 6

పచ్చమాత్ర పూర్తిగా ఆగిపోయింది. కాగితంలో రాసినట్టే, పావు దాకా దించి. నిద్ర పడుతోంది, కొంచెం కొంచెం.

ఆగస్టు 13

ఊరిబిండి!

వెల్లుల్లి ముందు తగిలింది ఈసారి.

ఆగస్టు 24

కొత్త పంట వచ్చింది. మునిస్వామితో గణేష్ మాట్లాడాడు, మందు కొట్టే ముందురోజు చెబుతాడట. తూర్పు సాళ్లు ఈ పంటకు వదిలేశాం.

షెడ్డులోకి వెళ్లబోయి గడప దగ్గర ఆగిపోయాను. పాతభయం. ఒంట్లో మాత్ర ఉంది, షెడ్డు బయటే నిలబడ్డాను. అత్త చూసింది. ఇంట్లోకి వెళ్లి కుంకుమ పెట్టుకునే రేకు డబ్బా కడిగి తెచ్చింది. నా తెల్లమాత్రలు అందులో వేసి చిన్న తాళం బిగించింది. బ్లీచింగు తొట్టి పైన, సబ్బు పెట్టే గూటి పక్కన మేకుకు తగిలించింది. మందు సెగలో ఉండకూడదని చెప్పాను. "ఈడ నీడే గదా, సల్లగా ఉండాది" అంది. డబ్బా తాళంచెవి మాత్రం ఆమె కొంగుకే ఉంది.

సెప్టెంబరు 2

25. తేమ 72.

నాలుగో జ్వరం లేచాయి.

పొద్దున తలకు పోసుకుని గడప దగ్గరికి వచ్చేసరికి అత్త అప్పటికే నిలబడి ఉంది. కానీ తల తడిగా లేదు. నిన్నటి చీరే. నాకు అర్థం కాలేదు. నాలుగో జ్వరం లేచిన రోజు అత్త తలకు పోసుకోకుండా ఉండడమేమిటి, ఒంట్లో బాగాలేదా అని భయపడ్డాను.

"కాళ్లు" అంది. తొట్టిలో ముంచాను.

"సేతులు." మోచేతులదాకా కడిగాను.

కొంగున తాళంచెవి తీసి డబ్బా తెరిచింది. నా తడి చేతిలో తెల్ల మాత్ర పెట్టి చెంబు అందించింది.

"మింగు."

మింగాను. అప్పుడు లేత ఆకు గంప ఎత్తి నా నడుం మీద పెట్టింది.

"పో. మొదటి ఆకు నువ్వు ఏయ్."

"అత్తా, నేనా? ఇప్పుడే మాత్ర..."

"అందుకే."

ఇరవై ఆరేళ్లలో కన్నకొడుకు గణేష్‌కు కూడా దక్కనిది. నేను లోపలికి వెళ్లాను.  మొదటి తట్టలో పొర విడిచిన పురుగులు తెల్లగా, ముడతలతో, ఆకలిగా తలలు ఎత్తి ఉన్నాయి. ఆకు వేశాను. వెంటనే తినలేదు.  ఒక్కటి తల దించింది. పక్కది దించింది. తర్వాత తట్టంతా. చివరి తట్ట చేరేసరికి మొదటి తట్టలో ఈనెలు మాత్రమే మిగిలాయి. షెడ్డు నిండా నమిలే చప్పుడు, ఎవరో వందమంది కలిసి ఎండాకులు నలుపుతున్నట్టు. ఈ చప్పుడు పదేళ్లుగా వింటున్నాను. ఈరోజు మొదటిసారి విన్నాను.

వెనక్కి తిరిగితే అత్త గడప అవతలే ఉంది, మేం ఎప్పుడూ నిలబడే చోట.

మాత్ర వేసుకున్నాను.